విల్లు బొమ్మ వెనక వినబడని మాట: నల్లమల చెంచులు, పరిశోధన, టూరిజం

నల్లమల మీద టూరిజం పోస్టర్ ఎవరు వేసినా అందులో రెండు బొమ్మలు ఖాయం. ఒకటి పులి, రెండోది విల్లు ఎక్కుపెట్టిన చెంచు. పులి సంగతి సరే, అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ అన్నాక పులి ఉండాల్సిందే. రెండో బొమ్మ దగ్గరే కాస్త ఆగాలి. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక అడవిలో వేట నేరమైంది. పోస్టర్‌లో ఎక్కుపెట్టిన ఆ బాణాన్ని నిజంగా వదిలితే కేసు పెడతారు. ఏ పని చేస్తే అటవీ శాఖ పట్టుకుంటుందో, అడవిని చూపించడానికి ఆ పని బొమ్మే పనికొస్తోంది.

ఈ బొమ్మ టూరిజం వాళ్లు పుట్టించింది కాదు. వందేళ్లకు పైగా సాగిన పరిశోధన నుంచి వాళ్లు ఏరుకున్నది. పరిశోధన చెప్పిన మిగతా సంగతులను మాత్రం అక్కడే వదిలేశారు. పరిశోధకులు కూడా ఒక పెద్ద పని వదిలేశారు. చెంచులు ఏం తింటారు, ఎక్కడ పడుకుంటారు, ఏ దేవుడికి మొక్కుతారు, చివరికి వాళ్ల రక్తంలో ఏ జన్యువులున్నాయి అన్నదాకా కాగితాల మీద ఉంది. వాళ్లు ఎలా మాట్లాడతారన్నది మాత్రం సరిగ్గా ఎక్కలేదు.

చెంచుల గురించి ఇంగ్లీషులో రాతలు 19వ శతాబ్దం నడిమిలోనే మొదలయ్యాయి. 1840లలో న్యూబోల్డ్ అనే సైనికాధికారి వాళ్ల మీద వ్యాసం రాశాడు. 1909లో ఎడ్గార్ థర్స్టన్, కె.రంగాచారి దక్షిణ భారత కులాలు, తెగల మీద వేసిన సంపుటాల్లో చెంచులకు చోటు దక్కింది. అక్కడ వాళ్ల పరిచయమే ‘తెలుగు మాట్లాడే అటవీ తెగ’ అని మొదలవుతుంది. భాష గురించిన విచారణ దాదాపు అక్కడితో ముగిసినట్టే అయింది. తెలుగు అని తేలిపోయాక ఇంకేం చూడాలి అన్న ధోరణి ఆ తర్వాతి రాతల్లో కూడా కనిపిస్తుంది.

అసలైన పరిశోధన 1940లో మొదలైంది. అదీ యుద్ధం పుణ్యమా అని. క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్ వియన్నాలో చదువుకున్న మానవ శాస్త్రవేత్త. అంతకుముందే నాగా కొండల్లో పని చేసి పేరు తెచ్చుకున్నాడు. 1939లో మళ్లీ భారతదేశానికి వచ్చేసరికి రెండో ప్రపంచ యుద్ధం వచ్చిపడింది. 1938లోనే ఆస్ట్రియాను హిట్లర్ కలిపేసుకున్నాడు కాబట్టి ఆయన చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. బ్రిటిష్ వాళ్ల లెక్కలో శత్రుదేశపు మనిషి. నాగా కొండలకు పోవడానికి వీల్లేక నిజాం రాజ్యంలోనే ఉండిపోవాల్సి వచ్చింది. కట్టడి ఎలాగూ తప్పనప్పుడు ఊరకే కూర్చోవడం ఎందుకని భార్య బెట్టీతో కలిసి అమ్రాబాద్ పీఠభూమి ఎక్కాడు. 1943లో అచ్చయిన ఆయన పుస్తకం హైదరాబాద్ సంస్థానంలోని ఆదివాసుల మీద వచ్చిన వరుసలో మొదటిది. కొండరెడ్లు, గోండుల మీద పుస్తకాలు ఆ తర్వాత వచ్చాయి.

ఆ పుస్తకాన్ని ఓపికగా చదివితే విల్లు బొమ్మ కాస్త చిన్నబోతుంది. చెంచులను వేటగాళ్లు అని అందరూ అంటున్న రోజుల్లోనే, వాళ్ల కడుపు నింపేది వేట కాదని హైమెన్‌డార్ఫ్ గమనించాడు. రోజువారీ తిండిలో ఎక్కువ భాగం గడ్డలు, దుంపలు, పండ్లు, ఆకులు, గింజలు. మాంసం దొరికిన రోజు పండగే గానీ, ఆ రోజు కోసం కూర్చుంటే బతుకు సాగదు. అడవిలో రోజూ పనికొచ్చే పరికరం ఇనుప మొన తొడిగిన కర్ర. గడ్డ ఎక్కడుందో తీగను చూసి పోల్చుకుని, దాని వెంట నేలను తవ్వుకుంటూ పోతారు. రాళ్ల మధ్య దిగిన గడ్డయితే సగం పూట ఒక్కదానికే పోతుంది. ఈ పని ఆడవాళ్లు, మగవాళ్లు ఇద్దరూ చేస్తారు. విల్లు మగవాళ్ల చేతిలోదే. పోస్టర్ మీదికి విల్లు ఎక్కి, తవ్వుడు కర్ర ఎక్కకపోవడంతో చెంచు ఆడవాళ్ల రోజువారీ పని మొత్తం కనుమరుగైంది. సుమారు ఎనభై ఏళ్ల కిందట అచ్చయిన పరిశోధన కన్నా నేటి ప్రచారం వెనకబడి ఉందంటే తప్పు పరిశోధనది కాదు.

పరిశోధన వల్ల ఒక మేలు కూడా జరిగింది. హైమెన్‌డార్ఫ్ సిఫారసుల ఫలితంగా 1940ల మొదట్లో నిజాం ప్రభుత్వం అమ్రాబాద్ అడవిలో కొంత మేర చెంచులకు ప్రత్యేకంగా కేటాయించింది. ఒక పరిశోధన వల్ల జనానికి కొద్దోగొప్పో నేల దక్కడం మన దగ్గర అరుదు. అయితే ఆ ఏర్పాటు వెనక చెంచులంటే కాలం మారినా మారని, బయటి గాలి సోకకుండా కాపాడాల్సిన జనం అన్న అభిప్రాయం ఉంది. ఇదే అభిప్రాయం తర్వాతి కాలంలో రెండు వైపులా వాడుకలోకి వచ్చింది. అడవి వాళ్లదే, వాళ్లను కదపొద్దు అనే వాళ్లూ దాన్నే చూపించారు. అడవిలో ఉంటే వాళ్లకు అభివృద్ధి రాదు, బయటికి తేవాలి అనే వాళ్లూ దాన్నే చూపించారు.

1975లో చెంచులను ఆదిమ తెగల జాబితాలో చేర్చారు. 1978లో నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యం ఏర్పడింది. 1983లో అది ప్రాజెక్ట్ టైగర్ కిందికి వెళ్లింది. రాష్ట్రం విడిపోయాక కృష్ణకు ఇవతలి, అంటే తెలంగాణ వైపు భాగం అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ అయింది. ఇప్పటి నాగర్‌కర్నూల్, నల్గొండ జిల్లాల్లో 2,600 చదరపు కిలోమీటర్లకు పైగా ఉన్న అడవి ఇది. చెంచుల ఊళ్లను పెంటలు అంటారు. అప్పాపూర్, రాంపూర్, మేడిమల్కల, మల్లాపూర్, పుల్లాయిపల్లి వంటి పెంటలు ఈ అడవి లోపలే ఉన్నాయి. పులుల రక్షణ కోసం కోర్ ప్రాంతం నుంచి స్వచ్ఛందంగా బయటికి వచ్చే కుటుంబానికి కేంద్రం ఇచ్చే ప్యాకేజీ 2021లో 10 లక్షల నుంచి 15 లక్షలకు పెరిగింది. ఇందులోని ‘స్వచ్ఛందంగా’ అన్న మాట మీద నల్లమలలో చాలా వాదన నడిచింది, నడుస్తూనే ఉంది. 2019లో యురేనియం అన్వేషణ గొడవ వచ్చినప్పుడు రాష్ట్రమంతా నల్లమల వైపు చూసింది. ఆ సెప్టెంబరులో శాసనసభ తవ్వకాలకు వ్యతిరేకంగా తీర్మానం చేసింది. ఆ కొద్ది నెలల్లో పత్రికల్లో వచ్చినన్ని చెంచుల ఫొటోలు అంతకుముందు ఎప్పుడూ రాలేదేమో.

ఇక టూరిజం. పర్యటన అనేది నల్లమలకు కొత్త కాదు. శ్రీశైలానికి నాలుగు ద్వారాలంటారు, ఉత్తర ద్వారం అచ్చంపేట దగ్గరి ఉమామహేశ్వరం. ఈ వైపు నుంచి కొండ ఎక్కే యాత్రికుల దారి శతాబ్దాల నాటిది. 13వ శతాబ్దంలో పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో శ్రీశైల యాత్ర గురించి రాస్తూ జనం పాడుకునే పాటల రకాలను పేర్లతో సహా చెప్పాడు. తుమ్మెద పదాలు, పర్వత పదాలు, ఆనంద పదాలు, వెన్నెల పదాలు, గొబ్బి పదాలు. పాటలు ఎలా ఉండేవో పూర్తిగా తెలియకపోయినా, రాజుల ప్రశస్తులు రాసే కాలంలో దారిన పోయే జనం నోటి పాటకు ఒక కవి ఇచ్చిన విలువ అది. ఈ పని ఇప్పటి టూరిజం బ్రోచర్ల వల్ల అవుతుందని ఆశించలేం.

ఆ పాత యాత్రకు ఇప్పటికీ ప్రాణం ఉన్న చోటు సలేశ్వరం. ఏటా చైత్ర పౌర్ణమి ముందూ వెనకా జాతర. వాహనాలు ఆగిన చోటు నుంచి కిలోమీటర్ల కొద్దీ రాళ్లూ రప్పల్లో నడిచి లోయలోకి దిగాలి. రెండు పక్కలా నిలువు కొండ, మధ్యలో ఒక్క మనిషి పట్టే దారి, కింద పైనుంచి దూకే నీళ్లు, గుహలో లింగమయ్య. పోయేటప్పుడు ‘వస్తున్నం వస్తున్నం లింగమయ్యో’ అని, తిరిగొచ్చేటప్పుడు ‘పోతున్నం పోతున్నం లింగమయ్యో’ అని గుంపులు గుంపులుగా అరుస్తారు. కొండలు ఆ కేకను తిరిగి ఇస్తాయి. పూజారులు చెంచులే. నాగర్‌కర్నూల్, మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల నుంచి వచ్చిన రైతులు, కూలీలు, హైదరాబాద్ నుంచి సెల్‌ఫోన్లతో దిగిన కుర్రాళ్లు, అందరూ చెంచు పూజారి చేతి తీర్థం తీసుకునే చోటు ఇది. మామూలు రోజుల్లో చెంచును చూసే చూపు, ఆ నాలుగు రోజుల్లో చూసే చూపు ఒకటి కాదు. పులుల అడవి కావడంతో జాతర రోజులు ఒకప్పటి కంటే కుదించారు. అంత జనం, అంత ప్లాస్టిక్ పడితే అడవికి నష్టమే, ఆ మాట కాదనలేం. అయితే చెంచులు అతిథిగా కాకుండా ఇంటి పెద్దగా నిలబడే చోటు కూడా అదొక్కటే అని మర్చిపోకూడదు.

మరోవైపు ప్యాకేజీ టూరిజం ఉంది. ఫర్హాబాద్ నుంచి సఫారీ, వ్యూపాయింట్, మన్ననూరులో కాటేజీ, రాత్రి బస, ఆన్‌లైన్ బుకింగ్. వటవర్లపల్లి దగ్గరి మల్లెల తీర్థం జలపాతానికి వేరే రద్దీ. సఫారీ గైడ్లుగా, సిబ్బందిగా స్థానిక చెంచులను తీసుకుంటున్నారు. నెల జీతం చేతికొస్తే ఏ కుటుంబానికైనా ఊపిరి ఆడుతుంది, దాన్ని తీసిపారేయాల్సిన పని లేదు. అయితే టికెట్ ధర ఎంతో, ఏ దారిన జీపు పోవాలో, పెంట దగ్గర ఆగాలో వద్దో, పర్యాటకుడికి ఏ కథ చెప్పాలో తేల్చేది ఎవరు?

ఆదివాసుల పేరుతో నడిచే టూరిజాన్ని అర్థం చేసుకోవడానికి రిచర్డ్ బట్లర్, టామ్ హించ్ అనే పరిశోధకులు 1996లో సరిగ్గా ఈ కోణమే ముందుకు తెచ్చారు. రెండు సంగతులు చూడమన్నారు. చూపిస్తున్నది ఎవరి సంస్కృతి, పెత్తనం ఎవరి చేతిలో ఉంది. రెండూ ఆదివాసులవే అయితే ఒక రకం. సంస్కృతి వాళ్లది, పెత్తనం ఇంకొకరిది అయితే ఇంకో రకం, అక్కడే దోపిడీకి చోటు. పెత్తనం వాళ్లదే అయ్యి, చూపించేది వాళ్ల సంస్కృతి కాకపోయినా ఫరవాలేదు. ఈ కొలతతో చూస్తే సలేశ్వరం, సఫారీ ఒకే అడవిలో ఉండి కూడా వేర్వేరు గడుల్లో పడతాయి. ఒకచోట కార్యం చెంచు చేతి మీదుగా నడుస్తుంది, ఇంకోచోట చెంచు యూనిఫాం వేసుకుని ఇంకొకరు రాసిచ్చిన మాటలు చెబుతాడు. జాతర అనగానే వెనకబాటు, సఫారీ అనగానే ఉపాధి అని ముందే తీర్పు ఇచ్చేసే వాళ్లు ఈ తేడాను పట్టించుకోరు.

పక్కనే ఉన్న ఇంకో ఉదాహరణ పోచంపల్లి. పాత నల్గొండ జిల్లాలోని ఈ ఊరిని 2021లో ఐక్యరాజ్య సమితి ప్రపంచ పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది. అక్కడ చూడ్డానికి వచ్చే మనిషికి నేత పని కనిపిస్తుంది, చీర కొంటే డబ్బు ఊళ్లోకి వస్తుంది. నేతగాళ్ల కష్టాలు తీరిపోయాయని కాదు. కానీ రంగు అంటకుండా నూలుకు ముడులు వేసే చిటికి కట్టడం దగ్గర్నుంచి రంగు అద్దకం దాకా అక్కడి పని గురించి మాట్లాడే హక్కు నేతగాడిదే. ఆ వృత్తి మాటలకు తెలుగులో అచ్చయిన నిఘంటువూ ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి నాయకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వేసిన మాండలిక వృత్తి పదకోశాల్లో మొదటిది వ్యవసాయం మీద 1962లో, రెండోది చేనేత మీద 1971లో వచ్చాయి. పరిశోధకులు జిల్లా జిల్లా తిరిగి రైతులను, నేతగాళ్లను అడిగి, ఏ మాట ఏ జిల్లాలో ఎలా పలుకుతారో నమోదు చేశారు. నాగలిలో ఒక్కో భాగానికి పాలమూరులో ఏమంటారు, నల్గొండలో ఏమంటారు అన్నది వాటిలో దొరుకుతుంది.

అలాంటి పని అడవి మీద బతికే వాళ్ల మాటల మీద జరగలేదు. చెంచుల మాట రెండు కుర్చీల మధ్య జారి కింద పడింది. తెలుగు వాళ్లకు అది తెలుగే కాబట్టి ప్రత్యేకంగా కాపాడాల్సిన భాషగా కనిపించదు. జనాభా లెక్కల్లోనూ సహజంగా తెలుగు గడిలోనే పడిపోతుంది. మరోపక్క అంతర్జాతీయ భాషా సంకేతాల పట్టికలో చెంచుకు ‘సీడీఈ’ అని వేరే కోడ్ ఉంది, అక్కడ అది ప్రత్యేక భాష. ఒక పట్టికలో ఉంది, ఇంకో పట్టికలో లేదు, నిఘంటువుల్లో ఎక్కడా లేదు. ఇదే దేవరకొండ, చందంపేట తండాల లంబాడీల సంగతి చూడండి. వాళ్లు మాట్లాడే గోర్‌బోలి ఇండో-ఆర్యన్ కుటుంబపు భాష, తెలుగుకు ఏ మాత్రం పోలిక లేనిది. విన్న వెంటనే వేరు అని తెలిసిపోతుంది కాబట్టి దానికి వ్యాకరణాలు రాసిన వాళ్లున్నారు, లిపి గురించి వాదించే వాళ్లున్నారు. వేరుగా ఉండటం గోర్‌బోలికి కలిసొచ్చింది. దగ్గరగా ఉండటమే చెంచు మాటకు చేటు తెచ్చింది.

పెద్ద భాషకు దగ్గరగా ఉన్న యాస పోవడానికి పెద్ద ప్రమాదమేమీ అక్కర్లేదు. గోండి మాట్లాడే పిల్ల బడికి పోయి తెలుగు నేర్చుకుంటే రెండు భాషలు వచ్చినట్టు లెక్క. చెంచు పిల్ల ఆశ్రమ పాఠశాలకు పోతే రెండో భాష నేర్చుకున్నట్టు ఎవరూ అనరు, మాట తీరు ‘సరిదిద్దుకున్నట్టు’ లెక్కేస్తారు. హాస్టల్లో తోటి పిల్లలు వెక్కిరిస్తారు, ఒక్క సంవత్సరంలో ఆ పలుకుబడి నాలుక మీంచి జారిపోతుంది. టీవీ, ఫోన్ మిగతా పని చేస్తాయి. ఏ రోజున పోయిందో ఎవరికీ తెలియదు.

ఏం పోతోందో తెలియాలంటే తేనె పనిని దగ్గరగా చూడాలి. కొండ చరియకు పట్టే పెద్ద తేనెపట్టు కోసం రాత్రి పూట దిగుతారు. చీకట్లో అడవి తీగలతో పేనిన తాడు కొండ పైనుంచి వేలాడదీసి, దాని మీద మనిషి దిగి, పొగ పెట్టి ఈగలను లేపి, పట్టు కోసి బుట్టలో వేస్తాడు. పైన తాడు దగ్గర కూర్చునేది బావమరిది. అక్క బొట్టు చెరగాలని ఏ తమ్ముడూ కోరుకోడు కాబట్టి తాడు కాయడానికి అతనికి మించిన నమ్మకస్తుడు లేడని చెబుతారు. అంటే ఒక తేనెపట్టు కోయాలన్నా ఏ తీగ తాడుకు ఆగుతుంది, ఏది తెగుతుంది అన్న తెలివి కావాలి. ఏ నెలలో ఏ చెట్టు పూస్తుంది, ఏ చరియకు ఏ ఏడు పట్టు పట్టింది అన్న జ్ఞాపకం కావాలి. చరియ మీద పట్టేది, చెట్టు తొర్రలో పట్టేది, పొదలో పట్టే చిన్నది అన్న తేడా తెలియాలి. ఇవన్నీ ఉండేది మాటల్లోనే. ఆ మాటలు తెలియని కుర్రాడికి అడవి అంటే చెట్లు, అంతే. తపసి బంక తీయడం, కుంకుళ్లు, ముష్టి గింజలు, చిల్లగింజలు ఏరడం, మారేడు గడ్డ తవ్వడం అన్నీ ఇలాంటివే. గిరిజన సహకార సంస్థ కొనుగోలు జాబితాలో ఒక్కో సరుకుకు ఒక్క పేరే ఉంటుంది. తూకానికి అది చాలు. చెట్టును ఎక్కడ కోస్తే బంక బాగా కారుతుంది, ఎంత కోస్తే చెట్టు చస్తుంది అన్న తేడాకు ఆ ఒక్క పేరు చాలదు.

ఈలోగా పరిశోధకులు చెంచుల దగ్గర్నుంచి వేరే సంగతులు పోగేశారు. 2003లో అమెరికాలోని ఒక ప్రముఖ జన్యు శాస్త్ర పత్రికలో చెంచులు, కోయల డీఎన్ఏ మీద పెద్ద పరిశోధన పత్రం వచ్చింది. మన తెగల్లో, కులాల్లో తొలి మానవుల వారసత్వం ఎంత మిగిలిందో చెప్పడం దాని ఉద్దేశం. శాస్త్రంగా విలువైన పనే, అందులో అనుమానం లేదు. కాని నల్లమల నుంచి రక్తం ప్రయోగశాలలకు చేరినంత సులువుగా నల్లమల మాటలు గ్రంథాలయాలకు చేరలేదన్నది కూడా నిజం. హైమెన్‌డార్ఫ్ తీసిన ఫొటోలు లండన్‌లోని సోయాస్ అనే విద్యాసంస్థ భద్రపరిచింది. వాటి వివరాలు ఇంగ్లీషులో ఉన్నాయి. ఆ ఫొటోల్లోని మనుషుల మనవళ్లు, మునిమనవళ్లు మన్ననూరు సంతలో తిరుగుతూ ఉంటారు.

దక్షిణాఫ్రికాలో సాన్ ప్రజలు ఈ తీరును ఎదురు తిరిగి అడిగారు. వాళ్లూ ఒకప్పుడు వేట, సేకరణ మీద బతికిన జనమే. మానవ శాస్త్రవేత్తలు, జన్యు శాస్త్రవేత్తలు, టూరిస్టులు తరాల తరబడి వాళ్ల చుట్టూ తిరిగారు. 2017లో సాన్ సంఘాలు పరిశోధకులకు ఒక నియమావళి రాసి విడుదల చేశాయి. గౌరవం, నిజాయితీ, న్యాయం, శ్రద్ధ దాని మూల సూత్రాలు. మా మధ్యకు వచ్చి రాసింది అచ్చు వేసే ముందు మాకు చూపించాలి, ఫలితం మాకు అర్థమయ్యేలా తిరిగి చెప్పాలి, లాభం ఉంటే వాటా ఇవ్వాలి. మన దగ్గర అలాంటిది ఆదివాసుల వైపు నుంచి రావాలంటే ముందు వాళ్ల మీద ఏమేం రాశారో వాళ్లకు తెలియాలి.

భాష మీద పని అంటే సాహిత్యం వాళ్ల ముచ్చట అనుకునే అధికారులు చాలామంది ఉన్నారు. చట్టం చదివితే అలా అనిపించదు. 2006 అటవీ హక్కుల చట్టంలో సెక్షన్ 3(1)(ఇ) ఆదిమ తెగలకు ఆవాస హక్కు ఇస్తుంది. ఒక ఇల్లు, ఒక చెలక మీద పట్టా లాంటిది కాదు ఇది. ఒక తెగ తరతరాలుగా తిరిగిన అడవి మొత్తం మీద ఉండే హక్కు. మధ్యప్రదేశ్‌లోని డిండోరి జిల్లాలో బైగాలకు, తర్వాత ఒడిశాలో జువాంగుల వంటి తెగలకు ఈ హక్కు గుర్తించారు. దీన్ని రుజువు చేయాలంటే హద్దులు చెప్పాలి. సర్వే నంబర్లు లేని చోట హద్దులు ఉండేది గుట్టల పేర్లలో, వాగుల పేర్లలో, ఏ దేవత ఏ చెట్టు కింద ఉంది, ఏ వంశం వాళ్లు ఏ మేర తిరుగుతారు అన్న మాటల్లోనే. చెంచుల్లో ఒక్కో గుంపుకు తన మేర అంటూ ఉండేదని హైమెన్‌డార్ఫ్ రాశాడు. చట్టం కింద వచ్చిన నియమావళిలో 13వ నియమం పెద్దల వాంగ్మూలాలను సాక్ష్యంగా ఒప్పుకుంటుంది. పేరున్న సంస్థలు చేసిన పరిశోధనలను, ఆచారాల మీద రాసిన పత్రాలను కూడా ఒప్పుకుంటుంది. అంటే 1943 నాటి పుస్తకం కూడా ఒక పత్రమే. ఇవాళ ఒక ముసలమ్మ రికార్డర్ ముందు కూర్చుని చెప్పే వాగుల పేర్ల వరుస కూడా పత్రమే. ఆ ముసలమ్మ పోతే ఆ సాక్ష్యం పోతుంది.

పని చేయడానికి సంస్థలకు కొదవ లేదు. హైదరాబాద్‌లో గిరిజన సాంస్కృతిక పరిశోధన శిక్షణ సంస్థ 1963 నుంచి ఉంది. మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయం, నల్గొండలో మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయం ఉన్నాయి. పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి పేరే ఇప్పుడు తెలుగు విశ్వవిద్యాలయానికి పెట్టారు. జనం చరిత్రను తెలుగులో రాసి మెప్పించిన మనిషి పేరు పెట్టుకున్నాక ఆ బాధ్యత కొంచెం పెరుగుతుంది. ఆచార్య జయధీర్ తిరుమలరావు వంటి వాళ్లు పల్లెల్లో, గూడేల్లో తిరిగి అరుదైన వాద్యాలను, కళాకారులను వెలుగులోకి తెచ్చారు. పన్నెండు మెట్ల కిన్నెర అలా బయటికి వచ్చింది. దాన్ని వాయించే నాగర్‌కర్నూల్ జిల్లా దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. నారాయణపేట జిల్లా బుర్రవీణ కళాకారుడు దాసరి కొండప్పకు 2024లో వచ్చింది. వాద్యం చేతికి దొరికే వస్తువు, మ్యూజియంలో పెట్టొచ్చు, వేదిక మీద చూపించొచ్చు. వాటి మీద పాడే పండుగ సాయన్న లాంటి పొడుగాటి కథలకు వేదిక మీద ఇచ్చే సమయం ఎప్పుడూ చాలదు. అవార్డు వచ్చాక కూడా కథ మొత్తం వినే వాళ్లు పెరగలేదు. మాటకు వచ్చేసరికి మన ఓపిక అంతే.

ఖర్చు గురించి భయపడాల్సిన పని కూడా కాదు. గోండికో కొలామీకో కావాల్సినట్టు ఇక్కడ అనువాదకులు అక్కర్లేదు, కొత్త లిపి తయారు చేయనక్కర్లేదు. చెంచు పెద్దమనిషి చెప్పేది తెలుగు చదివిన పాలమూరు కుర్రాడికి తొంభై పాళ్లు అర్థమవుతుంది. అర్థం కాని ఆ పది పాళ్ల దగ్గరే పరిశోధన మొదలవ్వాలి. 1962 పదకోశం పద్ధతి ఎలాగూ చేతిలో ఉంది. తేనె, బంక, గడ్డలు, జంతువుల జాడలు, రోగాలకు మందులు, వాగులు, గుట్టలు అని అంశాల వారీగా పెంట పెంటకూ తిరిగి రాసుకోవచ్చు. మందు మొక్కల విషయంలో మాత్రం ఏది అచ్చు వేయాలో, ఏది వేయకూడదో చెంచులే చెప్పాలి. కంపెనీలు అలాంటి జాబితాల కోసం కాచుకుని ఉంటాయి. చదువుకున్న చెంచు యువతీయువకులు సహాయకులుగా కాకుండా రాసే వాళ్లుగా ఉండాలి. రికార్డింగుల కాపీ ఒకటి మన్ననూరు గిరిజనాభివృద్ధి సంస్థలో, ఒకటి అప్పాపూర్ బడిలో ఉంచొచ్చు.

సఫారీ జీపులో కూర్చునే గైడ్‌కు కూడా అదే పుస్తకం ఇవ్వొచ్చు. ఇప్పుడు ఎక్కువగా నడిచేది పులి కనపడుతుందా లేదా అన్న టెన్షనే. కనపడకపోతే డబ్బులు దండగ అనుకుని పర్యాటకుడు తిరిగిపోతాడు. ఆ మూడు గంటల దారిలో కనిపించే ప్రతి గుట్టకూ చెంచు నోట ఒక పేరుంది, ప్రతి తీగకూ ఒక పని ఉంది. అవి చెప్పే గైడ్‌కు టికెట్‌లో వాటా ఎంత అన్నది అటవీ శాఖ, గ్రామసభ కలిసి కూర్చుని తేల్చుకోవాల్సిన లెక్క.